నేను మూసిన గ్రూపు

దంతెవాడలో మాస్టర్లకు శిక్షణ పెట్టినప్పుడల్లా నన్ను పిలుస్తారు. ఫోనుతో చదువు ఎలా చెప్పాలో చెప్పమంటారు. నేనూ తగుదునమ్మా అని వెళ్లి, పాఠం మూడు నిమిషాలు దాటకూడదనీ, పిల్లల ఫోటోలు ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదనీ హిందీలో చెప్పి వస్తాను. అందరూ రాసుకుంటారు. ఒక్క సంగతి మాత్రం ఇంతవరకు చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

మాది తెలంగాణ సరిహద్దులో, తర్లగూడ దారిలో ఎనిమిదో తరగతి వరకే ఉన్న బడి. పుస్తకాలు హిందీలో, ఇళ్లలో మాటలు తెలుగులోనో దోర్లీలోనో. మిర్చి పండే కాలానికి సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గోదావరి దాటి తెలంగాణ తోటల్లో మిర్చి ఏరడానికి పోతూ పిల్లల్ని కూడా తీసుకుపోతారు. సరిగ్గా పరీక్షల ముందర నా బెంచీలు ఖాళీ అయ్యేవి. అందుకే వాట్సాప్ గ్రూపు పెట్టాను. రోజూ సాయంత్రం హిందీ పాఠాన్ని తెలుగులో విడమరిచి, నా గొంతుతోనే రికార్డు చేసి పెట్టేవాణ్ని. చివర ఒక ప్రశ్న. పిల్లలు తండ్రుల ఫోనుల్లో మైకు గుర్తు నొక్కి జవాబు చెప్పాలి. ఆ ఫోనులో వాళ్లకు తెలిసిన విద్య అదొక్కటే.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తోట గట్టు మీద నుంచే జవాబు పంపేది. వెనకాల మిర్చి ఘాటుకు ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవాళ్లు. "సారు, ఇది అల్కగున్నది. గట్టి ప్రశ్న అడుగుండ్రి" అని నన్నే ఆట పట్టించేది. నాకు ఆ పిల్లంటే ప్రాణం. తొమ్మిదో తరగతికి ఆడపిల్లల హాస్టల్ బడిలో చేర్పిస్తానని మాటిచ్చాను. హాస్టల్ దొరికితేనే చదువు, లేకపోతే తమతో పాటు పనికే అని ఆమె తండ్రి ముందే చెప్పాడు. ఎనిమిది పూర్తయ్యే ఏడే ఫారం నింపాలి. మరుసటి ఏడు తీసుకోరు.

అంతలో గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు, ఎవరిదో పెళ్లిలో డాన్సులు మొదలయ్యాయి. మా బడుల మీద అజమాయిషీ చేసే బ్లాక్ ఆఫీసు సాహెబు కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఆయన ఫోన్ చేసి "యే సబ్ క్యా హై గురూజీ?" అని నిలదీసేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ విసురులోనే, నేను తప్ప ఇంకెవరూ ఏమీ పంపకుండా గ్రూపు మూసేశాను. మర్నాడు సాహెబు నాకు విడిగా పంపిన బొటనవేలి బొమ్మ చూసి మురిసిపోయాను కూడా.

ప్రశ్నలు అడగడం మాత్రం మానలేదు. ఊళ్లో ఉన్న పిల్లలు మర్నాడు బడికొచ్చి జవాబు చెప్పేవాళ్లు. అందుకని అవతలి ఒడ్డున ఉన్నవాళ్లకు నేనే దారి మూశానన్న సంగతి నాకు తట్టనే లేదు. కొన్నాళ్లకు ఫారాలు వచ్చాయి. "హాస్టల్ బడికి పోయేవాళ్లు చెప్పండి, పేరు రాస్తాను" అని గ్రూపులో చెప్పాను. ఆ తండ్రి ఫోనులో విన్నట్టు గుర్తు పడింది. జవాబు లేదు. మూడు రోజులు చూశాను. చిర్రెత్తుకొచ్చింది. ఇంత చేస్తే ఒక్క మాట పంపలేరా, ఆ తండ్రే అడ్డం తిరిగి ఉంటాడు అని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఫోన్ చేసి అడగొచ్చు. పంతానికి పోయి అడగలేదు. ఫారాలు ఆమె పేరు లేకుండానే వెళ్లిపోయాయి.

ఎండలు ముదిరాక వాళ్లు తిరిగొచ్చారు. తండ్రి బడికి వచ్చాడు, పిల్ల ఆయన వెనకాల నిలబడింది. మిర్చి మంటకు ఆమె వేళ్ల కొసలు పొక్కి ఉన్నాయి.

"ఎప్పుడు పోవాలె సారు, హాస్టల్‌కు?" అన్నాడు తండ్రి.

"మీరు ఒక్క జవాబన్నా పంపారా?" అని అరిచాను.

ఆయన గాభరాపడి ఫోను నా చేతిలో పెట్టాడు. "రోజూ చెప్పింది సారు. గ్రూపుల పోతలేదని గీ ఫోన్ల ఉన్న ఇంకో మైకు గుర్తు నొక్కి రికార్డు చేసి పెట్టింది. వచ్చినంక సారుకు ఇనిపిస్తనన్నది."

"మరి ఫారం సంగతి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా?"

"మీరు తలుపేసుకున్నరాయె. తట్టుడు ఏం మర్యాద సారు? నేను పోతనని సారుకు ఎరుకే, ఆయనే రాస్తడు అన్నది బిడ్డ."

రికార్డులు వరసగా ఉన్నాయి. నేనడిగిన ప్రతి ప్రశ్నకూ ఒకటి. అవే తుమ్ములు, అదే గొంతు. ఒకదాంట్లో "నా పేరు రాయుండ్రి సారు, నాయిన ఒప్పుకున్నడు" అని ఉంది. దాని తర్వాత మళ్లీ భిన్నాల లెక్కలకు జవాబులు. నాకు దుఃఖం ఆగలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాను.

"జవాబులు సరిగ్గున్నయా సారు?" అని అడిగింది పిల్ల.

అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పాను. ఆ తర్వాత గడువు దాటిపోయిందని చెప్పాను. బ్లాక్ ఆఫీసుకు రెండుసార్లు తిరిగాను, కాళ్లా వేళ్లా పడ్డాను. కుదరదన్నారు. తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఈ ఏడు కూడా వాళ్లు మిర్చికి పోయారు. ఇప్పుడు కూలిలో ఆ పిల్ల లెక్క పెద్దవాళ్లతోనే. గ్రూపు మళ్లీ అందరికీ తెరిచి, ఆ సంగతి ఆ పిల్లకూ చెప్పాను. పూల బొమ్మలు వస్తే రానీ అనుకుంటున్నాను. సాయంత్రం నేను పాఠం పెట్టగానే, ఆ తండ్రి ఫోనులో విన్నట్టు గుర్తు పడుతుంది. ఎవరు వింటున్నారో నాకు తెలుసు. ఆమె కోసమని ప్రశ్న కొంచెం గట్టిదే అడుగుతాను. జవాబు రాదు.