పాలిష్ మీద నిలవని హోల్డర్, చండ్రుగొండ దారి

నాకు రెండు చెవులూ సరిగా వినబడవు. మిషన్ పెట్టుకుంటే ఎదురుగా ఉన్నవాళ్ల మాట అందుతుంది కానీ, నడుస్తున్న కారు హోరులో ఫోన్ చెప్పే దారి ఒక్క ముక్క కూడా అందదు. మ్యాప్ నా కళ్లెదుటే ఉండాలి. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఊళ్లో నా స్నేహితురాలు సునీత కొత్త ఇంటి ప్రార్థన. కారు నేనే నడుపుకుంటూ వెళ్తానంటే మా అన్నయ్య, “ఒక్కదానివే ఎట్ల పోతవ్? నేనొచ్చి దింపుత తియ్” అన్నాడు. లైసెన్స్ వచ్చి ఇన్నాళ్లయినా ఒంటరిగా ఖమ్మం దాటింది లేదు. ఈసారి తగ్గేది లేదని పంతం పట్టాను. అన్నయ్య గొణుగుతూనే కారు కడిగి, డాష్‌బోర్డుకు తళతళలాడేలా పాలిష్ కొట్టి ఇచ్చాడు.

ఫోన్ నిలబెట్టడానికి మూడు వందలకు కొన్న స్టిక్కర్ హోల్డర్‌ను ఆ మెరుపు మీదే అంటించి, ఉదయం ఆరున్నరకు బయలుదేరాను. వైరా, తల్లాడ దాకా బాగానే ఉంది. ఏన్కూరు దగ్గర ఒక గుంతలో బండి ఎగిరిపడింది. హోల్డర్ ఊడి, ఫోన్‌తో సహా బ్రేకు పక్కన పడింది. మెల్లగా పక్కకు తీసి ఆపాను. ఇక్కడినుంచి వెనక్కి తిరిగితే ఇక జన్మలో నా చేతికి తాళం ఇవ్వరు. స్టిక్కర్ తడిమితే వేలికి జిడ్డు తగిలింది. పాలిష్! ప్రేమతోనే చేశావు గానీ అన్నయ్యా, కొంప ముంచావు కదా.

ఏన్కూరులో మెడికల్ షాపు చూసి స్పిరిట్, దూది అడిగాను.

“ఎవలికి తాకింది దెబ్బ?” అంది షాపులో ఉన్నామె కంగారుగా.

“కారుకు.”

“మరి ఇంజక్షన్ గూడ ఇయ్యాల్నా ఏంది?”

ఇద్దరం పగలబడి నవ్వాం. డాష్‌బోర్డును జిడ్డు పోయేదాకా తుడిచి, ఆరనిచ్చి, పెట్టెలో అదనంగా వచ్చిన స్టిక్కర్‌తో హోల్డర్‌ను గట్టిగా నొక్కి అంటించాను. వెంటనే ఫోన్ బరువు వేయకుండా, పక్క హోటల్లో ఇడ్లీ తిని వచ్చాకే పెట్టాను. జూలూరుపాడు మీదుగా చండ్రుగొండ చేరి, ఆపైన మట్టిరోడ్డు ఎక్కాను. కారు గంతులేసింది, నా పళ్లు టకటకలాడాయి, ఫోన్ మాత్రం కదల్లేదు. పదిన్నరకు సునీత వాకిట్లో ఉన్నాను.

భోజనాలయ్యాక బయలుదేరబోతుంటే సునీత అత్తగారు సంచీతో వచ్చింది. “ఏన్కూరుల మా చిన్నబిడ్డ ఇంటికాడ నన్ను దించుతవా, బిడ్డా?”

సునీత నీళ్లు నమిలింది. “అత్తా, ఆమెకు సరిగ్గ ఇనబడది...”

“అయితేంది? చెవులతోని తోల్తదా? కండ్లతోని తోల్తది గని” అంటూ ఆమె ముందు సీట్లో కూర్చుంది. “పా బిడ్డా, జల్దీ.”

ఈ దారిన రావాలనుకునేవాళ్లకు ఒక్కటే మాట: హోల్డర్‌ను ముందురోజే, పాలిష్ జిడ్డు పూర్తిగా తుడిచిన చోట అంటించి రాత్రంతా వదిలేయండి. నా మట్టుకు నాకు ఆ తిరుగు ప్రయాణంలో గతుకులే తెలియలేదు, అంత సంతోషంగా ఉంది. ఇన్నేళ్లూ నన్ను ఎవరో ఒకరు దింపుతూనే వచ్చారు. ఆ రోజు నేను ఒకరిని దింపాను.