పోతే పోయే మాటలు

హామిల్టన్‌లో మా పక్కింటి ఆంటీ ఏం చెప్పాలన్నా ముందు నవ్వేవారు. ఫిట్స్ వల్ల ఆవిడ డ్రైవింగ్‌కి అన్‌ఫిట్. నేనూ అంత ఫిట్టేం కాదని తెలిసినా, పాపం, నా కారే ఎక్కేవారు.

ఓ రోజు ఆస్పత్రికి తీసుకెళ్తే, మెదడుకి ఆపరేషన్ చేస్తే ఫిట్స్ తగ్గొచ్చు, కానీ కొన్ని మాటలు పోవచ్చు అన్నాడు డాక్టరు.

“ఇంగ్లీషువి పోనీలే బాబూ, తెలుగువి ఉంటే చాలు,” అని నవ్వారు ఆంటీ.

తిరిగొస్తుంటే మాత్రం ఆ నవ్వు లేదు. “మా పాప మాట్లాడేది ఇంగ్లీషేగా. నా తెలుగు దానికి అర్థమవుతుంది. దాని మాట నాకు అర్థం కాకపోతే? వద్దులే ఈ ఆపరేషన్.”

వెనక సీట్లో కూర్చున్న ఆవిడ కూతురు ఇయర్‌ఫోన్లు తీసింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, “అమ్మా... నువ్వు పడితే... నాకు భయం,” అంది తెలుగులో.

ఆంటీ వెనక్కి తిరిగి కూతురి చెయ్యి పట్టుకున్నారు.

“డాక్టరుకి సరేనని చెప్పు బాబూ,” అన్నారు.