గడప దాటని బూట్లు

నా చిన్నప్పుడు, కరోనా రెండో ఏడు సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున, జర్మనీలోని కెమ్నిట్జ్‌కు దక్షిణంగా ఉన్న కొండ అడవిలో ఉన్నవాళ్ళు: మా కింది ఇంటి ఓపా, ఆయన కుక్క, మా నాన్న, పద్నాలుగేళ్ళ నేను. మాతో ఉన్నవి ఒక తుపాకి, ఒక బైనాక్యులర్, టీ ఫ్లాస్కు, నా కాళ్ళకు కొత్త బూట్లు.

ఓపా అంటే అక్కడ తాతయ్య. బడి మూసేసిన నెలల్లో ఆయన మెట్ల మీద దూరంగా కూర్చుని నాకు లెక్కలు చెప్పేవారు. ఆ ఏడు ఆయన వంతుకు ఒక్క మగ దుప్పిని వేటాడే అనుమతి వచ్చింది. మన చుక్కల దుప్పి కన్నా చాలా పెద్దది, పెద్ద కొమ్ముల జంతువు. రాబోయే చలికాలంలో ఆయన మోకాలికి ఆపరేషన్, ఆ తరువాత కొండ ఎక్కడం కుదరదని డాక్టరు చెప్పేశారు. అందుకే సంచి మోయడానికి నాన్న ఒప్పుకున్నారు. నేనూ వస్తానని పట్టుబట్టాను.

నాన్నకు పాత ట్రెక్కింగ్ బూట్లు ఉన్నాయి. నా కోసం బరువు, అడుగు మందం, నీరు ఆపే పొర అన్నీ రాసి పట్టిక తయారుచేశాను. ఓపా దాన్ని పూర్తిగా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడు జతలు తెప్పించారు. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బాక, మందపాటి ఉన్ని మేజోళ్ళతో తొడిగించి, మడమ వెనక తన వేలు పెట్టి చూశారు. ఏటవాలు చెక్క మీద కిందికి చూస్తూ నిలబెట్టి, వేళ్ళు ముందుకు తగులుతున్నాయా అని అడిగారు. తగలని జత ఉంచి మిగతావి వాపసు పంపించారు. ఇక మూడు వారాలు రోజూ ఇంట్లో వేసుకుని తిరగమన్నారు, తోలు మెత్తబడాలని.

అమ్మ వినగానే లేచింది. "చెప్పులే బయట ఇడుస్తున్నం, బూట్లేస్కొని కిచెన్ల తిరుగుతవా? అసలే కరోనా!"

"నన్ను ఇరికించకురా, మీ అమ్మనే అడుగు" అని నాన్న లాప్‌టాప్‌లోకి తల దూర్చారు.

బూట్లు గుమ్మం బయట అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. బయలుదేరే ముందు ఓపా, రోజూ వేసుకున్నావా అని అడిగారు. "యా" అన్నాను. నాన్నకు జర్మన్ అంతంత మాత్రం. ఏమడిగారని అడిగితే, బూట్లు బాగున్నాయా అన్నారని చెప్పాను.

అడవిలో మాట్లాడకూడదు. గంట ఎక్కేసరికి రెండు మడమలూ మండుతున్నాయి. నియమం పాటిస్తున్నానని నాకు నేను చెప్పుకుంటూ నోరు మూసుకుని నడిచాను. ఇంతలో పైనుంచి దుప్పి అరిచింది, లోతుగా, చాలా దగ్గరగా. ఓపా ఆగి, సంతోషంగా మా వైపు తిరిగారు. నా నడక చూశారు.

నాన్నను కుక్కతో కాస్త ముందు చెట్ల దగ్గర ఆగమని సైగ చేసి, నన్ను రాతి మీద కూర్చోబెట్టి ఆయనే తాళ్ళు విప్పారు. మేజోళ్ళకు రక్తం అంటింది. బూటు తిప్పి, ఎక్కడా మడత పడని తోలు మీద బొటనవేలితో రుద్ది చూశారు. దుప్పి మళ్ళీ అరిచింది. ఆయన అటు చాలాసేపు చూసి, తుపాకిలోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నారు.

తరువాత నాన్నను వెనక్కి పిలిచి, ఆయనకు చెప్పమని నాతో ఒక మాట అన్నారు. ఈసారి ఓపా అన్నది అన్నట్టే తెలుగులో చెప్పాను: "నాన్నా, ఓపాకు మోకాలు నొప్పట. దిగిపోదామంటున్నరు."

"అయ్యో, పెద్దాయన! ముందే చెప్పొద్దా?" అని నాన్న ఆయన సంచి కూడా భుజాన వేసుకుని, దారంతా ఆయన చేయి పట్టుకునే దింపారు. నేను వెనక మడమలకు గుడ్డ చుట్టుకుని నడిచాను.

ఇప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ప్రయోగశాలలో ఏదైనా పరీక్ష చేశావా అని అడిగితే, చేయకపోతే చేయలేదనే చెబుతాను. ఆ మాట అంటున్నప్పుడల్లా రాతి మీద కూర్చున్నట్టే ఉంటుంది. నాన్నకు మాత్రం ఈనాటికీ నిజం చెప్పలేదు.

ఆ ఏడు ఓపా వేటాడిన దుప్పులు: సున్నా.