చల్లారనీ మేస్త్రీ

షట్టరు ఎత్తకముందే మేస్త్రీ బెంచీ తుడిచేవాడు. ముందు తడిగుడ్డతో, తరువాత పొడిగుడ్డతో, ఈ కొస నుంచి ఆ కొసదాకా. షాపు ముందు రేకుల చూరు కింద ఉండే చెక్క బెంచీ అది. తెల్లబట్టలతో వచ్చి కూర్చున్నవాళ్ళకు కూడా నూనె మరక అంటకూడదని ఆయన పట్టుదల. చాలాకాలంగా కూర్చునేవాళ్ళు తగ్గిపోయినా ఆ తుడవడం మానలేదు. గుడ్డ పిండి ఆరేసి, ఆకాశంవైపు తిరిగి ఒకసారి చేతులు జోడించి, అప్పుడు షట్టరు ఎత్తేవాడు.

చల్లారనీ మేస్త్రీ అన్నది వీధి పెట్టిన పేరు. కారు తెచ్చి నిలబెట్టినవాళ్ళతో ఆయన అనే మొదటి మాట అదే. ఇంజన్లో ప్రతి వాల్వునూ పైనుంచి ఒక చిన్న ఇనుప చెయ్యి నొక్కి తెరుస్తుంది. ఆ చేతికీ వాల్వుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. సందు పెరిగితే టకటకమని చప్పుడు, తగ్గితే వాల్వు మాడిపోతుంది. పలుచని ఉక్కు రేకు దూర్చి చూసి, చిన్న మర తిప్పి ఆ సందు సరిచేయడమే టాపెట్ల పని. మేస్త్రీ బతుకంతా ఆ పనే. ఇంజను చల్లారందే ఆయన మూత విప్పేవాడు కాదు.

"పొయ్యిమీంచి దించిన పాలక్కూడా ఇంత మర్యాద చెయ్యరు మామా," అనేవాడు ఎదురుగా సెలూన్ నడిపే అతను.

"నువ్వు తడిపిన గడ్డం ఆరిపోతే మళ్ళీ తడుపుతావు. నా పని అలా కాదు అల్లుడూ," అనేవాడు మేస్త్రీ.

నిజానికి టాపెట్లు వేడి మీద కూడా సరిచేయవచ్చు. దానికి వేరే కొలత ఉంది. ఆ సంగతి మేస్త్రీకి బాగా తెలుసు. కానీ ఇంజను చల్లారేదాకా మనుషులు బెంచీ మీద కూర్చుంటారు. ఊరికే కూర్చోలేక మాట్లాడతారు. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, పక్కింటివాళ్ళతో తగాదాలు అన్నీ ఆ బెంచీ మీదికి వచ్చేవి. ఆయన ఏదో ఒక నట్టు తుడుస్తూ వినేవాడు. అందుకే ఆ వేడి కొలత మాట ఎప్పుడూ పైకి అనలేదు.

ఆయన ముట్టుకునేవన్నీ ఒకే ఇంటి ఇంజన్లు. నాలుగు సిలిండర్ల చిన్నవి. ఒకే కంపెనీ, ఒకే అచ్చులో పోసిన దిమ్మలు. బయటి కొలతలూ బోల్టుల ఎడమూ ఒకటే. లోపలి సిలిండర్ల వెడల్పు, పిస్టన్లు పైకీ కిందికీ నడిచే దూరం మాత్రం ఒక్కోదానికి ఒక్కో తీరు. అందుకని వాటికి వరసలు పెట్టుకున్నాడు. అన్నిటికన్నా చిన్నది చంటోడు, పెట్రోలు ఆచితూచి తాగేవాడు. సామాన్ల వ్యాన్లకు బిగించేది నడిపోడు, ఎంత బరువు మోపినా నోరెత్తనివాడు. దర్జా కార్లలో ఉండేది పెద్దోడు. పెట్రోలు అందించే కార్బురేటర్లు రెండు తగిలించుకుని వచ్చిన రకానికి కొత్తల్లుడని పేరు.

"రెండు చేతులా సమానంగా వడ్డించాలి వాడికి. ఒక పక్క చుక్క తగ్గిందా, ఇక అలకే," అనేవాడు.

నాలుగు సిలిండర్లూ వరసగా మండవని ఎవరైనా ఆశ్చర్యపోతే ఆయనకు హుషారు వచ్చేది. "ముందు ఒకటోవాడు, తరువాత మూడోవాడు, నాలుగోవాడు, ఆఖరికి రెండోవాడు. వరసపెట్టి అరిస్తే ఇల్లు ఊగిపోదూ? అన్నదమ్ములన్నాక ఒకళ్ళ మాట ఒకళ్ళు చూసుకుని మాట్లాడాలి."

ఆ షాపు మొదట అన్నదమ్ములిద్దరిది. క్రాంకు, బేరింగులు, పిస్టన్లు ఉండే కింది సగం అన్నది. హెడ్డు, వాల్వులు, టాపెట్లు ఉండే పై సగం తమ్ముడిది. ఇద్దరి మధ్యా హద్దు, ఆ రెండు సగాల నడుమ పరిచే పలుచని గాస్కెట్టు మందం. మేస్త్రీ పెళ్ళి చేసుకోలేదు. షాపు వెనక గదుల్లో అన్నా వదినల దగ్గరే ఉండిపోయాడు. అన్న పోయిన తరువాత వదిన కూతురి దగ్గరకు బయలుదేరుతూ, "నువ్వూ వచ్చెయ్ మరిదీ. ఒక్కడివే ఇక్కడ ఎవరి మొహం చూస్తావు?" అంది. "బండ్లు వస్తాయి కదా వదినా," అన్నాడాయన.  వదిన ఊరగాయల సీసాలు ఆయన చేతికి అందేలా కింది అరలో సర్ది వెళ్ళింది.

అప్పటినుంచి కింది సగం పని వస్తే పక్క వీధి షాపుకు పంపేసేవాడు. చెయ్యడం రాక కాదు. అన్న పానాలు గోడకు వేలాడుతూనే ఉండేవి. వాటిని దుమ్ము దులిపి, మళ్ళీ అదే మేకుకు తగిలించేవాడు.

తరువాత ఆ ఇంజన్ల కుటుంబంలో కడగొట్టు తరం వచ్చింది. వాటిలో టాపెట్లు నూనె ఒత్తిడితో తమంతట తామే సర్దుకుంటాయి. రేకు దూర్చే పనీ లేదు, మర తిప్పే పనీ లేదు. "బుద్ధిమంతులు పాపం, ఎవరినీ ఇబ్బంది పెట్టరు," అనేవాడు మేస్త్రీ. ఆ మెచ్చుకోలు వినేవాళ్ళకే గుండె కలుక్కుమనేది. పాత కార్లు ఒక్కొక్కటే పాత ఇనుములోకి పోయాయి. బెంచీ మీద పిచ్చుకలు వాలడం మొదలైంది. సెలూన్ అతనితో పొద్దున ఆడిన నాలుగు మాటలే కొన్నిసార్లు ఆ రోజంతటికీ మాటలు. పడుకునేముందు మాత్రం వీధిలో అందరినీ తలుచుకుని, చల్లగా చూడమని దేవుణ్ణి అడిగేవాడట. సెలూన్ అతనికి జ్వరం వచ్చిన వారంలో ఆ మాట బయటపడింది. "నీ గురించి గట్టిగానే చెప్పానులే," అన్నాడు, ఆఫీసరుతో సిఫారసు చేసినవాడిలా.

చివరికి మిగిలింది రొట్టెలావిడ వ్యాను ఒక్కటే.

ఆవిడకు నలభై దాటి ఉంటాయి. బేకరీలో రొట్టెలు ఎత్తుకుని, తెల్లవారకముందే దుకాణాలకూ ఆస్పత్రికీ చేర్చి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. వ్యానులో ఉన్నది నడిపోడు. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వచ్చినప్పుడల్లా మాడిన రొట్టె కొసలు కాగితంలో చుట్టి తెచ్చేది. ఆయనకు మెత్తటి రొట్టెకంటే కరకరలాడే కొసలే ఇష్టమని ఎవరు చెప్పారో ఏమో.

"చల్లారనీ అంటావని తెలిసే పొద్దున్నుంచి నోరు కట్టేసుకుని వచ్చాను బాబాయ్," అంటూ బెంచీ మీద కూలబడేది. ఇక దుకాణాలవాళ్ళ బాగోతాలు, ఆస్పత్రి వంటామె గొణుగుళ్ళు, అత్తగారి చాదస్తాలు ఒకదాని వెంట ఒకటి. మేస్త్రీ నవ్వుతూ రొట్టె కొసలు నములుతూ వినేవాడు. ఆవిడ వెళ్ళిన తరువాత చాలాసేపటివరకు ఆయన మొహం మీద ఆ నవ్వు ఉండేది.

అక్కడే ఆయన చెయ్యి తప్పింది. తప్పింది అనడం కూడా సరికాదేమో, తెలిసి చేసిన పని. ఒకసారి టాపెట్లు సరిచేస్తూ, మూడో సిలిండరు దగ్గర ఒక మరను వెంట్రుకవాసి వదులుగా వదిలేశాడు. బిగువైతే వాల్వు మాడుతుంది. వదులైతే చప్పుడే తప్ప ఇంజనుకు కీడు లేదు. కొన్నాళ్ళు తిరిగాక ఆ వదులు పెరిగి టకటక మొదలవుతుంది. అప్పుడు ఆవిడ వస్తుంది, కూర్చుంటుంది. ఆ పనికి ఆయన కూలి పుచ్చుకునేవాడు కాదు. "పాత బండి కదమ్మా, వచ్చిపోతూ ఉండాలి," అనేవాడు. అలా ప్రతిసారీ అదే మర, అదే వదులు.

ఒకరోజు ఆవిడ రావడమే వేరుగా వచ్చింది. రొట్టె కొసల పొట్లం చేతికి ఇచ్చింది కానీ బెంచీ మీద కూర్చోలేదు.

"బాబాయ్, ఈసారి నిజం చెప్పాలి నువ్వు. మొహమాటం వద్దు."

"ఏమైందమ్మా?"

"తెల్లారకుండా ఈ టకటకలేంటని వీధుల్లో కిటికీలు తెరిచి మరీ తిడుతున్నారు. అది పడతాను, నాకేం కొత్త కాదు. కానీ భయం పట్టుకుంది బాబాయ్. నీలాంటి చెయ్యి పడినా నిలవట్లేదంటే ఇంజను అరిగిపోయినట్టే కదా? ఏ రోజో నడిరోడ్డు మీద ఆగిపోతే ఆస్పత్రివాళ్ళ నాస్తా ఏం కావాలి? కొత్త వ్యాను చూసుకున్నాను. దీన్ని తీసుకుపోవడానికి రేపు పాత ఇనుమువాడు వస్తానన్నాడు." ఆవిడ వ్యాను తలుపు మీద చెయ్యి వేసింది. "నా చేతుల మీద ఇన్నేళ్ళు నడిచింది. ఇందులో ఇంకా ప్రాణం ఉందని నువ్వంటే ఉంచుకుంటాను. లేదంటే పంపించేస్తాను. నీ మాటే నాకు ఆఖరి మాట."

మేస్త్రీ నోట వెంటనే వచ్చిన మాట, "చల్లారనీ."

ఆవిడ బెంచీ కొసన కూర్చుంది. ఆ రోజు కబుర్లు లేవు. మేస్త్రీ షాపు లోపలికి వెళ్ళి, చేతిలో ఏమీ లేకుండానే బయటికి వచ్చాడు. ఆ వ్యాను పోతే ఈ వీధికి ఆవిడ రాదు. కొత్త వ్యానుకు ఆయన చెయ్యి అక్కర్లేదు. ఏమీ చెప్పకుండా గుట్టుగా మర బిగించేస్తే వ్యాను ఉంటుంది, కానీ మళ్ళీ ఇక్కడికి వచ్చే పని ఆవిడకు ఉండదు. నిజం చెబితే మొహం కూడా చూడకపోవచ్చు. ఎటు చూసినా బెంచీ ఖాళీయే. అయినా ఆవిడ తన మాటే ఆఖరి మాట అంది. ఆ నమ్మకాన్ని పాత ఇనుములో పడెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. దేవుడు మనిషిని పట్టుకోవాలనుకుంటే ఇలాంటి చోటే పట్టుకుంటాడు.

ఇంజను చల్లారింది. మూత విప్పి ఆవిడను పిలిచాడు.

"ఇలా రామ్మా. ఈ రేకు పట్టుకో. ఇక్కడ దూర్చి లాగు. కాస్త పట్టి వదిలినట్టు ఉందా?"

"ఉంది."

"పక్కది చూడు. అదీ అంతేనా?"

"ఊఁ, అంతే."

"ఇప్పుడు ఈ మూడోవాడి దగ్గర చూడు."

రేకు ఏ పట్టూ లేకుండా జారిపోయింది. "ఇదేంటి, ఇంత వదులుగా ఉంది? అరిగిపోయిందా?"

"అరగలేదు. నేనే వదిలేశాను."

"ఎప్పుడు?"

"వచ్చిన ప్రతిసారీ." ఆయన ఆవిడ మొహంలోకి చూడలేదు, ఇంజను వంకే చూస్తూ చెప్పాడు. "ఇంజనుకేం కాలేదమ్మా. నా అన్న మీద ఒట్టు. కింది సగం ఉక్కులా ఉంది. ఇంకా ఎన్నో ఏళ్ళు నీకు చాకిరీ చేస్తుంది. ఈ చప్పుడు... ఇది నేను పెట్టిన చప్పుడు. మళ్ళీ వస్తావని."

ఆవిడ రేకు తీసి ఇంజను మీద పెట్టేసింది. ఎదురుగా సెలూన్ అతను కత్తెర ఆపి ఇటే చూశాడు.

"వీధి వీధినా నన్ను తిట్టించావు," అంది గొంతు తగ్గించి. "నిద్రపట్టక ఎన్ని రాత్రులు దొర్లానో తెలుసా నీకు?"

"తప్పే తల్లీ."

మేస్త్రీ మర బిగించాడు. నట్టు వేసి మళ్ళీ రేకు దూర్చి చూశాడు. ఆవిడ చేత కూడా చూపించాడు. మూత బిగించి తాళం తిప్పమన్నాడు. నడిపోడు టకటకలేవీ లేకుండా, మెత్తగా, కుట్టుమిషను నడిచినట్టు నడిచాడు. ఆవిడ స్టీరింగు మీద చేతులు పెట్టి కాసేపు వింది. కళ్ళు తుడుచుకుంది, కోపంగానే.

"మనిషి కావాలంటే నోరు తెరిచి అడగాలి బాబాయ్. నా బండి చేత టకటక తలుపు కొట్టించుకోవడమేంటి? చిన్నపిల్లాడివా?" అంది. తరువాత ఫోన్ తీసి పాత ఇనుమువాడికి రావద్దని చెప్పింది. గేరు వేసింది. "వెళ్ళొస్తా" అనలేదు.

వ్యాను కదిలేలోపు మేస్త్రీ పక్కకు వచ్చి, కిటికీ అంచు మీద చెయ్యి ఆనించాడు. చేతికి నూనె ఉందని గుర్తొచ్చి, వెంటనే తీసేసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఒక పని చేసి పెడతావా అమ్మా? రొట్టెలన్నీ ఇచ్చేసి ఇంటికి పోయేటప్పుడు, కాస్త చుట్టైనా ఈ వీధి మీదుగా పోతావా? బండి బాగున్నా సరే. ఆగక్కర్లేదు, ఒకసారి హారన్ కొట్టి వెళ్ళిపో, చాలు." ఇంజను చప్పుడుకు తన మాట వినబడిందో లేదోనని ఇంకాస్త వంగాడు. "ఆగితే మటుకు, ఇంజను చల్లారేదాకా కూర్చోవాలి మరి."