బండెక్కిన రోలు

ఆకాశాన్ని గుడారంలా పరచి, ఈ లోకంలో పరవాసులమైన మనకు తలదాచుకొనే చోటిచ్చే దేవునికి స్తోత్రం. ఎవరిని, ఎవరి దగ్గరికి, ఏ వేళకు పంపాలో ఎరిగినవాడు ఆయన. మా దగ్గరికి సంతోషమ్మక్కను పంపాడు.

ఈ ఉదయం మదనపల్లెలో మా వీధిలో ఎవరో ఇల్లు మారుతున్నారు. బండిమీద ఇత్తడి బిందెలు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే, కాఫీ లోటా చేతిలో పట్టుకొని నాలో నేనే నవ్వుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, పుంగనూరులో, మా సామాను కూడా ఇలాగే మోగుతూ బండెక్కింది.

సంతోషమ్మక్క మా సంఘంలో బైబిలు స్త్రీ. కుప్పం మనిషి. నల్ల గొడుగు వేసుకొని పెద్దపంజాణి దాకా నడిచి, ఇంటింటా ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించేది. నాకు బైబిలు చదవడం నేర్పింది ఆమే. వాక్యం చదివీ చదవగానే నేను కన్నీళ్ళు పెట్టుకొంటే ఒప్పుకొనేది కాదు. "ఏడ్సేది తర్వాత పాపా. ఎవరు సెప్పినారు, ఎవరికి సెప్పినారు, ఏ అధికారంతో సెప్పినారు? ముందు అది సూడు" అనేది. ఆ వయసులో నాకది భక్తి తక్కువతనంలా తోచేది.

నేనప్పుడే మిషను బడిలో టీచరుగా చేరాను. నాన్న లేరు. అమ్మ మేరమ్మ బట్టలు కుట్టేది. చెంగల్రాయ శెట్టిగారి ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఒకరోజు ప్లీడరు దగ్గరనుంచి రిజిస్టరు నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి, లేకుంటే కోర్టు చర్య తప్పదు. 'కోర్టు' అనే మాట దగ్గరే అమ్మ కళ్ళు ఆగిపోయాయి. అద్దె మేము ఏనాడూ ఆపలేదు. కానీ ఊళ్ళో వేరే ఇల్లు దొరకడం గగనం. ఇది పోతే నేను ఉద్యోగం వదులుకొని, అమ్మతో గుడుపల్లెలో మేనమామ పంచన చేరవలసిందే.

ఆదివారం ఆరాధనలో అమ్మ ప్రార్థన మనవి చెప్పింది. మా సంఘానికి ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ. నోటీసు ఎవరూ చదవకుండానే సాయం చేయడానికి ఏకగ్రీవంగా నిశ్చయించారు. శనివారం పొద్దున్నే ఎద్దులబండి వచ్చింది. చర్చి వెనక గది మాకోసం ఊడ్చి పెట్టారట. కీర్తన పాడుతూ కుట్టుమిషను, మంచాలు, బిందెలు ఎక్కించారు. సంఘపెద్ద దేవదాసప్ప అంతటితో ఆగక, పెరట్లో పాతిన రోలు కూడా తవ్వించి బండెక్కించాడు. ఆ రోలు మాది కాదు, శెట్టిగారిదని చెప్పే ధైర్యం మాకు లేకపోయింది.

అప్పుడే పల్లెలనుంచి తిరిగివస్తున్న సంతోషమ్మక్క బండి ముందు నిలబడింది.

"యాడికప్పా ఈ ఊరేగింపు?"

"కోర్టు ఆర్డరక్కా. మేరమ్మను ఇల్లు ఖాళీ సేయమన్నారు" అన్నాడు దేవదాసప్ప.

ఆమె గొడుగు ముడిచి, నోటీసు అడిగి తీసుకొని, మళ్ళీ నా చేతికే ఇచ్చింది. "సదువు పాపా. ఎవరు సెప్పినారు?"

"ప్లీడరుగారు."

"ఆయప్ప జడ్జీనా?"

"కాదు. శెట్టిగారి తరపున రాశారు."

"అయితే ఇది అడిగేదే కానీ ఆజ్ఞ కాదు. ఏమప్పా దేవదాసప్పా, అడిగినందుకే రోలు పెరికినావే, ఆజ్ఞ ఇచ్చింటే గోడలు కూడా ఎత్తుకొచ్చిందువా?"

బండివాడితో సహా అందరూ నవ్వారు. దేవదాసప్ప తల గోక్కున్నాడు. "విశ్వాసులం, కచేరీ మెట్లెక్కేది బాగుంటాదా అక్కా?"

"న్యాయాధిపతి దగ్గరికి పదేపదే పోయిన విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నాడు గదప్పా. మనకు యాల సిగ్గు?"

కుప్పంలో ఆమె తమ్ముడికీ ఇలాంటి కాగితమే వచ్చిందట. సరిగ్గా అద్దె కట్టేవాళ్ళను ఇంటాయన తన ఇష్టానికి వెళ్ళగొట్టకూడదని, అద్దెల అధికారికి కారణం చెప్పుకోవాలని, ఆయన ఇద్దరినీ విచారించాలని సర్కారు ఉత్తర్వు ఉన్నట్టు అప్పుడే తెలుసుకుందట. కీర్తన లేకుండా సామాను లోపలికి చేరింది.

సోమవారం సెలవు పెట్టి, ఆమెతో మదనపల్లెలో అద్దెల అధికారి కచేరీకి బయలుదేరాను. యుద్ధకాలపు పెట్రోలు కరువుతో బొగ్గుమీద నడిచే బస్సు అది. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తోశాం. "టికెట్టూ మనదే, తోపుడూ మనదే" అని అక్క నవ్వింది. కచేరీలో ఆమే మాట్లాడుతుందనుకున్నాను. ఆమె వెళ్ళి వెనక బెంచీమీద కూర్చుంది. రెండుసార్లు తిరిగి చూశాను. ఆమె గోడవైపు చూస్తోంది. చివరికి నేనే చెప్పుకున్నాను.

అధికారి నోటీసు చదివి, "మా ఉత్తర్వు లేనిదే మిమ్మల్ని ఎవరూ కదపలేరమ్మా. ఆయన అర్జీ పెడితే మిమ్మల్నీ పిలిచి వింటాం. అద్దె మాత్రం ఆపొద్దు. ఆయన తీసుకోనంటే మనియార్డరు చేయండి" అన్నాడు.

బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. "ఒక్క మాటైనా సాయం రాలేదే అక్కా!"

"నేను మాట్లాడింటే, రేపు ఇంకో కాగితం వస్తే నన్ను యాడ ఎతుక్కుంటావు పాపా? నేను ఏ పల్లెలో ఉంటానో ఏమో!"

శెట్టిగారు అర్జీ పెట్టలేదు. మేము కచేరీకి వెళ్ళొచ్చిన సంగతి విని, మర్నాడు వచ్చి పెరడంతా చూసి, "ఉండండమ్మా, ఉండండి. నా రోలు మాత్రం తిన్నగా పాతించండి" అన్నారు. దేవదాసప్ప ఎంత చూసి పాతినా అది వంకరగానే కూర్చుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా పచ్చడి ఒక పక్కకే జారేది.

సంతోషమ్మక్క ప్రభువు సన్నిధికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరైనా కాగితం పట్టుకొని వస్తే, వాళ్ళ వెంట నేను కచేరీకి వెళ్ళి బెంచీమీద కూర్చుంటాను. వాళ్ళు తిరిగి నావైపు చూస్తారు. ఆ క్షణంలో నోరు విప్పకుండా ఉండటం నాకెంత కష్టమో దేవునికే తెలుసు.

ఈ వేళ కూడా ఏదో గుమ్మంలో, చేతిలో నోటీసుతో ఎవరో నిలబడి ఉంటారు. చదువుతున్న మీరు నాతో కలిసి ఆయనను అడగండి: ప్రభువా, వారికి మాట దయచేయి. వారి వెనక కూర్చునే మనిషిని పంపు. ఆ మనిషి మాలో ఒకరైతే, మా నోటికి కావలి ఉంచు. ఆమేన్.