నల్లోడి పొగడచెట్టు

మొన్న ఆదివారం రాజమండ్రి నుంచి కడియంలో మా పుట్టింటివారి నర్సరీకి వెళ్ళేసరికి గేటు పక్కన పొగడచెట్టు లేదు. దాని చోట ఇంత గొయ్యి ఉంది.

మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో నర్సరీలకి ప్రహరీలు ఎక్కడివండీ, మొక్కలకి కాపలా అంటే కుక్కే. మా కుక్క నల్లోడు. వెనక్కి వస్తున్న లారీ కింద చిక్కుకుని, ఒళ్ళంతా బురదతో కుయ్యోమంటున్న ఆ కుక్కపిల్లని, లాగు వేసుకు తిరిగే మా తమ్ముడే పాకుకుంటూ వెళ్ళి లాక్కొచ్చాడు, నాన్నగారి చేత చీవాట్లూ తిన్నాడు. అప్పట్నుంచీ నల్లోడికి వాడే దేవుడు. లోడు లారీ కదిలిందంటే మొరుగుతూ గేటుదాకా సాగనంపి, అక్కడ ఆగి, తోక ఊపుకుంటూ వెనక్కి వచ్చేవాడు. డ్రైవర్లు బన్నుముక్క చూపించి పిలిచినా గేటు దాటేవాడు కాదు, అంత పౌరుషం.

ముసలితనంతో వాడు పోయిననాడు తమ్ముడు అన్నం ముట్టలేదు. గేటు పక్కనే పూడ్చి, పైన పొగడమొక్క తనే నాటాడు. విత్తనానికని ఉంచుకున్న తల్లిచెట్టుకి మావాళ్ళు ఎర్రగుడ్డ కట్టేవారు. గుడ్డ కట్టిన చెట్టుని ఎంతటి బేరగాడైనా అడగడు, అడిగినా ఎవరూ ఇవ్వరు. నాన్నగారు ఆ మొక్కకి గుడ్డ కట్టి, మా ఇద్దరి చేతా ముట్టించి, ఎన్నటికీ అమ్మబోమని మాట తీసుకున్నారు.

తమ్ముణ్ణి అడిగితే, ఎక్కడో పెద్ద అపార్టుమెంట్ల ముందు నాటడానికి కావాలన్నారట, క్రేనుతో ఎత్తించాడట. "చెట్టేగా అక్కా, ఇంకోటి పెడదాంలే" అన్నాడు. మర్చిపోయాడేమోనని ఒక్క క్షణం సరిపెట్టుకోబోయాను. ఇంతలో మా పాత కూలీ ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "మీరొచ్చేలోపు ఎక్కించెయ్యమన్నారండి, గుడ్డ కూడా అయ్యగారే విప్పేరండి" అంది. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న! మరిచిపోయినవాణ్ణి క్షమించొచ్చు, అన్నీ గుర్తుండి చేసినవాణ్ణి ఏమనాలి? కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇప్పుడు నర్సరీకి ప్రహరీ ఉంది, కెమెరాలున్నాయి, ఎర్రగుడ్డలే లేవు. పెద్దచెట్టుని పంపేటప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిని కదపకుండా గోనెపట్టాలు చుట్టి ఎక్కిస్తారు. బతికున్నన్నాళ్ళూ ఏ లారీ వెనకా గేటు దాటని మా నల్లోణ్ణి, చక్రాల కింద నుంచి లాగిన చేతులే లారీ ఎక్కించాయి.