చీకట్లో చూసే లెన్సు కోసం రాజోలు ప్రయాణం

ఎనభైల మొదట్లో మండపేటలో నాకొక చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లే నాకు ముఖ్యమైన పని. ఫ్లాష్ కొట్టి తీస్తే పెళ్లికూతురి ముఖం సున్నం వేసినట్టు తెల్లగా వచ్చేది. వెనక పందిరీ చుట్టాలూ చీకట్లో కలిసిపోయేవారు. "మా అమ్మాయి చామనఛాయండి. మీ ఫొటోలో కూర్చున్నది ఎవరోనండి" అని ఒక పెద్దమనిషి నా ఎదుటే అన్నారు. దీపం వెలుతురు ఫొటోలో కూడా దీపం వెలుతురులాగే రావాలంటే నోరు పెద్దదైన లెన్సు కావాలి. నా పాత కెమెరాకు అలాంటిది పట్టదు. అంటే కెమెరాతో సహా మార్చాలి. ఉన్నదానితో నెట్టుకురావాలా, అప్పుచేసి కొత్తది కొనాలా అన్నది ఏడాదిగా తేలలేదు.

అలా ఉండగా కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన కబురు తెచ్చారు. రాజోలు దగ్గర సత్యం అని ఒకాయన మస్కట్‌లో డ్రైవరు పని చేసి వచ్చారట. ఆయన దగ్గర జపాను కెమెరా, నోరు బాగా పెద్దదైన వన్ పాయింట్ ఫోర్ లెన్సు ఉన్నాయట. అమ్ముతారట. చెప్పిన ధర మద్రాసు ధరలో సగం కూడా లేదు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. కబురు చివరి మాట వినగానే అది ముదిరింది.

"మధ్యాహ్నం లోపల రమ్మన్నారండి. పొద్దువాలేక మాత్రం రావద్దన్నారు."

చీకట్లో ఫొటోలు తీసే లెన్సును చీకటి పడేలోపల చూసి వెళ్లిపొమ్మనడం ఏమిటి? దొంగ సరుకైనా కావాలి, లెన్సులో బూజైనా పట్టి ఉండాలి. అయినా ఆశ చావక బయల్దేరాను.

వర్షాలు వెనకబట్టిన రోజులు. పొద్దున్నే మండపేటలో బస్సెక్కి, ఆలమూరు మీదుగా జొన్నాడ దగ్గర వంతెన దాటి, ఎనిమిదింటికి రావులపాలెంలో దిగాను. అక్కడ రెండిడ్లీలు తిని, కొత్తపేట మీదుగా వెళ్లే రాజోలు బస్సు పట్టుకున్నాను. అటు వెళ్లేవారు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దుటెండ కొడుతుంది కాని కాలవ కనిపిస్తుంది. నేను మాత్రం కాలవ చూడలేదు. నా పాత కెమెరా, ఫిలిం ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న మనిషిని చూస్తూ కూర్చున్నాను. గళ్ల చొక్కా, చేతిలో రేకు పెట్టె. కొత్తపేట దాటిన దగ్గర్నుంచి ఆయన కళ్లు నా సంచీ మీదే ఉన్నాయి.

"సంచీలో కెమెరా అనుకుంటానండి" అన్నారు చివరికి.

"ఎలా పోల్చేరు?"

"చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకు కూచున్నారు కదండీ."

ఈయన ఆ సత్యం పంపిన బ్రోకరేమో అనిపించింది. ఉండబట్టలేక కొంత చెప్పాను, పేరు మాత్రం చెప్పలేదు. ఆయన తల ఊపేరు. "గల్ఫు సరుకంటే భయమేనండి. మా తోడల్లుడు టేపురికార్డరు కొన్నారు. పైన జపానండి, విప్పి చూస్తే లోపలంతా మనూరి సామానే. పొద్దువాలేక వద్దన్నారంటే మీరు తప్పకుండా పొద్దువాలేదాకా ఉండాలండి. అప్పుడే అసలు సంగతి బైటపడతది." అంబాజీపేటలో ఆయన దిగిపోయేరు. దిగి, వెనక్కి తిరగకుండా బజారులోకి నడిచి వెళ్లేరు. బ్రోకరు కాదన్నమాట. కాని ఆయన ఇచ్చిన సలహా నాతోనే వచ్చింది.

గన్నవరం దగ్గర కాలవను నది దాటించే అక్విడక్టు వంతెన మీద బస్సు నత్తలా నడిచింది. పదకొండు గంటల వేళ రాజోలులో దిగాను. రిక్షా అతనికి ఊరి పేరు చెప్పగానే "మస్కట్ సత్యంగారింటికాండీ?" అన్నాడు. "అవును, ఎలాంటి మనిషి?" అని అడిగాను. "మంచోరేనండి. కాకపోతే సాయంత్రమైతే బైట కనబడరండి" అన్నాడు. ఈ మాటతో అనుమానం ఇంకో మెట్టెక్కింది.

కొబ్బరితోటలో పెంకుటిల్లు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ తోటలో వెలుతురు పచ్చగా, మసగ్గా ఉంది. సత్యంగారికి నలభై దాటి ఉండవు. గేటు దాకా ఎదురొచ్చి, చెయ్యి పట్టుకు తీసుకెళ్లినంత మర్యాద చేసేరు. ఆయన భార్య మంగ కొబ్బరినీళ్లు ఇచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె చూస్తున్నది నన్ను కాదు, మొగుణ్ణి. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపు. పొద్దుట్నుంచీ నేను అందరినీ అలాగే చూస్తున్నాను.

కెమెరాను పాత పంచెలో చుట్టి తెచ్చేరు. పెట్టె లేదు, రసీదు లేదు. "మస్కట్లో కొన్నానండి, పెట్టె అక్కడే వదిలేసేను" అన్నారు. లెన్సు తీసి ఎండకెత్తి చూశాను. బూజు లేదు, గీత లేదు. లెన్సు నోటిని చిన్నదీ పెద్దదీ చేసే లోపలి రేకులు శుభ్రంగా మూసుకుని తెరుచుకుంటున్నాయి. షట్టరు చప్పుడు నిక్కచ్చిగా ఉంది. ఒక్క వంకైనా దొరికి ఉంటే బేరం ఆడి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఏమీ దొరక్కపోయేసరికి భయం పెరిగింది.

"దీనితో మీరు తీసిన ఫొటోలు చూపించండి" అన్నాను.

"నేనేం తియ్యలేదండి."

"ఒక్కటీ తియ్యలేదా? మరి ఎందుకు కొన్నారు?"

ఆయన తోటవైపు చూసి, "సరదా పడి కొన్నానండి" అన్నారు. తర్వాత డబ్బు ఎందుకు కావాలో చెప్పేరు. బావమరిది ఒక వ్యాను కొంటున్నారట. రాజోలు నుంచి అమలాపురం దాకా జనాన్ని తిప్పడానికి. ఇందులో ఈయనకు కొంత వాటా. బండి నడిపేది ఈయనే. వచ్చే వారం నుంచే మొదలు.

మధ్యాహ్నం మంగ అన్నం పెట్టింది. పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు. మూడు కాగానే సత్యంగారు గోడగడియారం చూడ్డం మొదలుపెట్టేరు. "నాలుగింటి బస్సుకి వెళ్తే హాయండి. తర్వాత రష్షు" అన్నారు. నేను ససేమిరా అన్నాను. దీపాలు పెట్టేవేళ నాలుగు ఫొటోలు తీసి, అవి కడిగి చూస్తే కాని కొనను అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "అయితే వద్దులెండి" అనేసి లేచేరు. అంతలో గుమ్మంలోంచి మంగ, "ఉండనీండి. పరీక్ష చేసుకోకుండా ఎవరు కొంటారు?" అంది. ఆ గొంతులో కూడా ఏదో పట్టుదల ఉంది.

ఆయన పెరట్లోకి వెళ్లినప్పుడు ఆమె నా దగ్గరగా వచ్చింది. "అన్నయ్యగారూ, మీరు రాత్రికి ఉండండి. సాయంత్రమయ్యేసరికి ఈయన ఇంకో మనిషైపోతారండి. మంచం దిగరు. దిగితే తూలతారు. గడప తన్నుకుంటారు. తాగుతున్నారనుకుంటున్నానండి. కాని వాసన రాదు. అదే నాకు అంతుపట్టదు. పరాయి మనిషి ముందైనా బైటపడతదేమో."

నా దగ్గర అనుమానాలు అప్పటికే సరిపడా ఉన్నాయి. ఈ కొత్తదాన్ని కూడా వాటి పక్కనే పెట్టుకున్నాను. తాగుబోతు అమ్మే దొంగ కెమెరా అని లెక్క తేల్చేసుకున్నాను.

ఆరు దాటింది. తోటలో వెలుతురు తగ్గింది. కరెంటు ఉందికాని, వోల్టేజి తక్కువై బల్బు నారింజ పండులా వెలుగుతోంది. దేవుడి గూట్లో మంగ దీపం పెట్టింది. ఆ జపాను కెమెరాలో ఫిలిం ఎక్కించి, లెన్సు నోరు పూర్తిగా తెరిచి, ఒళ్లు స్తంభానికి ఆనించుకున్నాను. వ్యూఫైండర్‌లో ఆ మసక హాలు ఎంత స్పష్టంగా కనబడిందో చెప్పలేను. దీపం ముందు మంగ ముఖం సగం, చెవి దిద్దు, వెనక గోడమీద నీడ. ఊపిరి బిగపట్టి మూడుసార్లు నొక్కాను.

సత్యంగారు మంచం మీద కదలకుండా కూర్చుని ఉన్నారు. ఆయన ఫొటో కూడా ఒకటి తీద్దామని దగ్గరకు వెళ్లాను. "ఈ మూత కాస్త పట్టుకోండి" అని లెన్సు మూత అందించబోయాను. ఆయన చెయ్యి చాపేరు. నా చెయ్యి లేని వైపుకి.

తాగిన మనిషి చెయ్యి అలా వెళ్లదు. వణుకుతుంది, జారుతుంది, కాని వస్తువు వైపే వస్తుంది. నేను మాట్లాడకుండా నా చేతిని ఆయన ముఖం ముందు అటూ ఇటూ ఊపాను. కళ్లు కదల్లేదు. నా గొంతు వినబడ్డ చోటికే చూస్తూ, "ఇవ్వండి మరి" అన్నారు.

తల తిప్పితే మంగ దీపం దగ్గర నిలబడి ఉంది. ఊగుతున్న నా చేతిని చూసింది. కదలని ఆయన కళ్లనూ చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

ఆయనకు అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత తల దించుకున్నారు. "మస్కట్‌లో ఉండగానే మొదలయ్యింది. పగలు బాగానే ఉంటదే. పొద్దువాలితే ఏమీ ఆనదు. సాయంత్రం డ్యూటీ వేసేసరికి భయమేసి వచ్చేసేను."

"మరి ఈ కెమెరా?" అని నేను అడిగాను.

"దుకాణం వాడు ఇది చీకట్లో కూడా చూస్తదన్నాడండి. ఇందులోంచి చూస్తే నాకు కూడా కనబడతదనుకున్నానండి. రెండు నెలల జీతం పెట్టేను. ఆ రాత్రి గదిలో కూచుని చూసేను. కనబడలేదండి."

నాకు నా చేతిలోని వస్తువు ఒక్కసారిగా బరువనిపించింది. ఏం చెయ్యాలో తెలియక దానికి మూత పెట్టాను.

మంగ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "తాగుతున్నారనుకుని సంవత్సరం నుంచి మీతో మెత్తగా ఒక మాట మాట్లాడలేదు నేను" అంది. ఆపైన ఒక్కసారిగా గొంతు పెరిగింది. "మరి ఆ వ్యానో? సాయంత్రం ట్రిప్పులో జనాన్ని ఎక్కించుకుని ఎలా నడుపుదామనుకున్నారు? మన ఊరి పిల్లలూ అందులోనే కదా కాలేజీ నుంచి వచ్చేది!"

"పగటి ట్రిప్పులే వేసుకుందామనుకున్నాను."

"వానాకాలం నాలుగింటికే చీకటి పడితేనో?"

ఆ రాత్రి వసారాలో నాకు పక్క వేసేరు. లోపల చాలాసేపు మాటలు వినబడ్డాయి. తెల్లారేసరికి మాట మారుతుందేమో, వ్యాను సంగతి దాచేస్తారేమో అని నాకు ఒక పక్క అనుమానంగానే ఉంది. కాని పొద్దున్నే మంగ ఇస్త్రీ చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. "అమలాపురం వెళ్తున్నామండి, కంటి డాక్టరు దగ్గరికి. మా తమ్ముడికి కబురంపేను, బండి పని ఆపమని. మీరూ రండి" అంది. సత్యంగారు నా ముఖం చూడకుండా, "ఆయ్, రండి" అన్నారు.

ముగ్గురం కెమెరాతో సహా ఎనిమిదింటి బస్సుకు బయల్దేరాం. అమలాపురంలో నా స్నేహితుడికి స్టూడియో ఉంది. వాళ్లు డాక్టరు దగ్గరికి, నేను డార్క్‌రూంలోకి వెళ్లాం. ఫిలిం కడిగి ఫ్యాను కింద ఆరబెట్టి ప్రింటు వేశాను. ట్రేలో కాగితం మీద మంగ ముఖం మెల్లగా తేలుతుంటే నా స్నేహితుడు ఈల వేశాడు. ప్రింటు గింజ గింజగా ఉంది, చెవి దగ్గరే కొంచెం మసకేసింది. అయినా ఫ్లాష్ ఏనాడూ ఇవ్వనిది అందులో ఉంది. దీపం వెలుతురు దీపంలాగే ఉంది. ఏడాదిగా తేలని విషయం ఆ ట్రేలో తేలిపోయింది. నాకు ఇలాంటి లెన్సు కావలసిందే.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర వాళ్లు కలిసేరు. డాక్టరు రేచీకటి అన్నారట, ఇక్కడ మందు లేదన్నారట. కాకినాడ పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చేరట. బండి మాత్రం, పగలైనా సరే, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పేరట. సత్యంగారి ముఖం వడిలిపోయి ఉంది. మాట మార్చడానికి ప్రింటు ఆయన చేతిలో పెట్టాను.

ఎండలోకి జరిగి, కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసేరు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. కండక్టర్లు ఊర్ల పేర్లు అరుస్తున్నారు.

"ఇది మా ఇల్లేనాండి?" అన్నారు.

"మీదే. నిన్న సాయంత్రం."

"దీపం పెట్టేక ఇది ఇలా ఉంటదన్నమాట." మంగ వైపు తిరిగి, "నువ్వు కూడానే" అన్నారు.

మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగిపోయింది. కాసేపటికి నా దగ్గరకొచ్చి, "అన్నయ్యగారూ, ఏమనుకోకండి, దీన్ని అమ్మమండి. ఎలా నొక్కాలో నాకు చెప్పండి. సాయంత్రాలు నేను తీస్తాను. పొద్దున్న ఆయన చూసుకుంటారు" అంది.

ధర పెంచడానికేమో అని ఒక్క క్షణం నా బుర్రలో మెదిలిందంటే నమ్మండి. అలవాటు అంత సులువుగా పోదు. కాని ఆమె అప్పటికే కెమెరాను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. బస్టాండు అరుగు మీద కూర్చుని లెన్సు నోరు ఎలా తెరవాలో, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో చూపించాను. నా సంచీలో మిగిలిన ఫిలిం చుట్ట ఇచ్చేశాను.

రావులపాలెం మీదుగా మండపేట వెళ్లే బస్సు కదిలేసరికి మూడు దాటింది. ఖాళీ చేతులతో వస్తున్నాను. కావలసిన లెన్సు తర్వాత మద్రాసు నుంచి అప్పుచేసే తెప్పించుకున్నాను. సత్యంగారికి రాత్రిచూపు తిరిగి రాలేదని ఆ కొబ్బరికాయల వ్యాపారే తర్వాత చెప్పారు. పగటిపూట ఎండుకొబ్బరి వ్యాపారంలో కుదురుకున్నారట. ఆ రోజు ఈ సంగతులేవీ నాకు తెలియవు. బస్సు కొత్తపేట దాటేసరికి మబ్బు పట్టి ఒక జల్లు పడింది. కోనసీమలో వెలుతురు ఒక్కసారిగా పోదు. కాలవ మీద, అరటాకుల మీద, తడిసిన రోడ్డు మీద ఇంకాస్త నిలుస్తుంది. గౌతమి వంతెన ఎక్కేసరికి డ్రైవరు లైట్లు వేశాడు. నేను వెనక సీటులోంచి లేచి ముందుకు వెళ్లి, అతని కళ్లనే గమనిస్తూ పక్కన నిలబడ్డాను.

"జొన్నాడలో దిగుతారాండి?" అన్నాడు.

"లేదండి" అన్నాను. "ఇక్కణ్ణుంచి రోడ్డు బాగా కనిపిస్తుందని."